మేనత్త సొంత గొంతు

మా మేనత్త సినిమాల్లో నటించింది. ఒకటీ రెండూ కాదు, ఇరవై పైచిలుకు. అన్నీ తెలుపు నలుపు బొమ్మలే, చివరి రెండు మూడు తప్ప. వాటిలో ఒక్క సినిమాలో మినహా ఎందులోనూ ఆమె గొంతు వినిపించదు. ముఖం ఆమెది, కళ్లు ఆమెవి, కదిలే పెదవులూ ఆమెవే. మాట మాత్రం కోస్తా నుంచి మద్రాసు వచ్చి స్థిరపడిన మరొకావిడది. ఈ సంగతి చెబితే మా బంధువులు "అయితే ఏమాయె, బొమ్మ పడ్డది గద" అంటారు. బొమ్మ పడితే చాలు వాళ్లకి.

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన టీచర్ని. పిల్లలు "వచ్చిండు" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పైన "వచ్చాడు" అని దిద్దినదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత మీకు నా మీద కోపం వస్తుంది, అప్పుడు కొత్తగా ఆశ్చర్యపోవలసిన పని ఉండదు.

మా ఊరు టేకులపల్లికి లోపల, అడవిని ఆనుకుని. మా తాత కలప డిపోలో గుమస్తా. కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. గుమస్తాగిరీలో పడ్డాక ఆ పిచ్చి లోపల అలాగే ఉండిపోయింది. ఒక ఎండాకాలం ఒక సినిమా కంపెనీ వాళ్లు జానపద సినిమా తియ్యడానికి మా అడవికి వచ్చారట. ఫారెస్టు బంగళాలో దిగారు. సామాన్లు మొయ్యడానికి ఎడ్లబండ్లు కావలసి వచ్చి డిపోకు కబురు పెట్టారు. తాత బండ్లు కట్టించి తనూ వెంట వెళ్లాడు. మధ్యాహ్నం నాన్నమ్మా అత్తా మజ్జిగ తీసుకెళ్లారు. అత్తకప్పుడు పదహారు నిండలేదు. కెమెరా వెనకున్నాయన ఆమెను ఒకసారి ఎండలోకి, ఒకసారి నీడలోకి నిలబెట్టి చూశాడు. చూసి తాతను పక్కకు పిలిచాడు.

తాత ఒప్పుకున్నాడంటే వింత లేదు. తను కట్టలేని వేషాలు కూతురు కడుతుందనుకుని ఉంటాడు. నాన్నమ్మ ఏడ్చి, రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు పెట్టె సర్దుకుని కూతురికి కాపలాగా తనూ మద్రాసు బయలుదేరింది. తాత అన్నదమ్ములు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేశారు. అదే అన్నదమ్ములు అత్త మొదటి సినిమా కొత్తగూడెం వచ్చినప్పుడు బండి కట్టుకుని వెళ్లి చూశారు. చూసొచ్చాక కూడా నీళ్లు ముట్టలేదు. పట్టుదల గల మనుషులు.

మద్రాసులో అత్తను కూర్చోబెట్టి ఏదో కాగితం ఇచ్చి చదవమన్నారట. చదివింది. గాజు గోడ అవతల కూర్చున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు. గాజుకు ఇవతల ఏమీ వినబడలేదు. నవ్వే నోళ్లు మాత్రం కనిపించాయి. "నేనేమన్న తప్పు చదివిన్నా అనుకున్న" అని అత్త చెప్పేది. తప్పేమీ చదవలేదు. మన ఊళ్లో మాట్లాడినట్టు చదివింది.

భాష నేర్పడానికి ఒక మాస్టారిని పెట్టారు. రిటైరైన పంతులు. చేతిలో చెక్క స్కేలు. "వచ్చాడు" అనమంటే ఆమెకు నోరు తిరిగేది, కానీ కాస్త ఏమరుపాటుగా ఉంటే "వచ్చిండు" అని జారిపోయేది. జారినప్పుడల్లా వేళ్ల కణుపుల మీద స్కేలు. ఎనిమిది నెలల్లో ఆమెకు అచ్చుగుద్దినట్టు మాట్లాడటం వచ్చేసింది. ఎంత బాగా వచ్చిందంటే నాన్నమ్మతో కూడా అలాగే మాట్లాడితే, ముసలామె బెదిరిపోయి "నా బిడ్డకు గాలి సోకింది" అని దిష్టి తీసిందట. ఇంత చేశాక కూడా సౌండు ఇంజనీరు పెదవి విరిచాడు. మాట సరిగానే ఉంది కానీ లోపల ఎక్కడో అడవి వినిపిస్తోందన్నాడు. అదేం చెవో మరి. దాంతో ఆమె మాటలు మొదటి సినిమా నుంచీ వేరే ఆవిడ చెప్పింది.

ఆ ఆవిడ మంచి మనిషేనట. లావుపాటి మనిషి, రోజూ చీర కొంగులో వేయించిన పల్లీలు కట్టుకుని వచ్చేది. అత్త ఒక సినిమాలో రాజకుమారి, చివర్లో చనిపోతుంది. ఆ మాటలు రికార్డు చేసే రోజున అత్త సౌండు రూములో ఒక మూల కూర్చుని చూసింది. "నేను సచ్చిపోతాంటే గామె పల్లీలు నముల్కుంట సచ్చిపోయింది కోడలా" అనేది. మేనకోడల్ని కదా, నన్ను ఆమె కోడలా అనే పిలిచేది. చెప్పి తనే పడీపడీ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అందులో నవ్వవలసింది ఎంత ఉందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

ఆ రాజకుమారి వేషమే ఆమెకు దక్కిన పెద్ద వేషం. ఆ తర్వాత నాయిక చెల్లెలు, నాయిక స్నేహితురాలు, కొన్నాళ్లకు నాయకుడి వదిన. మాటలు చెప్పే ఆవిడ మారలేదు, వేషాలు చిన్నవవుతూ వచ్చాయి. ఒక నిర్మాత పెళ్లి చేసుకుంటానన్నాడని, తర్వాత ఆ మాట ఎత్తలేదని మా అమ్మ గుసగుసగా చెప్పగా విన్నాను. అత్త నోట ఎప్పుడూ వినలేదు.

ఇక ఆ ఒక్క సినిమా. ముప్పై దాటాక ఒక దర్శకుడు పిలిచి పనిమనిషి వేషం ఇచ్చాడు. "ఎవరి గొంతూ వద్దమ్మా, నీ యాసలోనే మాట్లాడు" అన్నాడు. అత్త ఎంత సంబరపడిందంటే ఆ వారమే ఉత్తరం రాసింది. మా నాన్న ఆ ఉత్తరాన్ని అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల వాళ్లకు చదివి వినిపించాడు. సినిమా కొత్తగూడెం రాగానే అత్త మద్రాసు నుంచి వచ్చేసింది, మాతో కలిసి చూడాలని. నాన్న, అత్త, నేను వెళ్లాం. నాకు పన్నెండేళ్లు.

తెర మీద అత్త చీపురు పట్టుకుని వచ్చింది. నోరు తెరిచింది. హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఆమె ఏడ్చే మాట అన్నా నవ్వే, అన్నం తిన్నావా అని అడిగినా నవ్వే. యజమానురాలు ఆమెను వెక్కిరించి "అదేం భాషే" అంటే ఈలలు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ హాల్లో కూర్చున్నవాళ్లు బొగ్గుగని కార్మికులు, వాళ్ల పెళ్లాలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ప్రతి ఒక్కరూ ఇంట్లో అదే మాట మాట్లాడేవాళ్లు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ "ఎంత మంచిగ నవ్విచ్చిండ్రు" అని అదే మాటలో చెప్పుకున్నారు. తమను చూసి తామే నవ్వుకుంటున్నామని వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

బస్సులో అత్త నా పక్కన కూర్చుంది. "నువ్వు గూడ నవ్వినవా?" అని అడిగింది. నేను గొప్పగా "అందరికన్న ఎక్కువ నవ్విన" అన్నాను. అత్త నా తల నిమిరింది.

ఆ తర్వాత అలాంటివే నాలుగు వేషాలు వచ్చాయట. ఒక్కటీ ఒప్పుకోలేదు. వేరే వేషాలు ఎవరూ ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి పెట్టెలతో సహా మా ఊరు వచ్చేసింది. సినిమా జీవితం అక్కడితో సరి. ఊళ్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టింది. వారం వారం సంతకొచ్చే కోయ ఆడవాళ్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్లు, వాళ్లతో నాలుగు ముక్కలు వాళ్ల భాషలో మాట్లాడేది కూడా. అందరూ ఆమెను "సినిమామె" అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తు లేరు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ హాల్లో నేను నవ్విన మాట నిజమే. కానీ ఆ రాత్రికి కాదు, కొన్నాళ్లకు, నన్ను చూసి ఎవరూ అలా నవ్వకూడదని నాలో ఒక పంతం కుదురుకుంది. పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడటం నేర్చుకున్నాను. తెలుగులో డిగ్రీ చేశాను, పండిట్ ట్రైనింగు అయ్యాను, ఆశ్రమ పాఠశాలల్లో ఉద్యోగం చేశాను. కోయ పిల్లలు ఇంట్లో వాళ్ల భాష, సంతలో మన యాస నేర్చుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లకు నేను మూడోది నేర్పేదాన్ని, మొదటి రెండూ తప్పన్నట్టుగా. ఒక పాప ఏడాది పొడుగునా నా క్లాసులో నోరు తెరవలేదు. రిజిస్టరులో ఆ పాప పేరు ఎదురుగా "మందకొడి" అని రాశాను. గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ రాత నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మద్రాసు మాస్టారి చేతిలో స్కేలు ఉండేది, నా చేతిలో ఎర్ర పెన్ను, అంతే తేడా.

మా నాన్న పోయాక అత్తను సారపాకకు మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయన పేపర్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, ఇద్దరమే ఉంటున్నాం. అత్తకు డెబ్బై దాటినా నోటికి విశ్రాంతి లేదు. ఉదయం లేచింది మొదలు వీధిలో అందరినీ పలకరించేది, కూరగాయల బండివాడితో సరసమాడేది, నన్ను ఎగతాళి చేసేది. "మా కోడలు కల్లగూడ అచ్చు పుస్తకంల కంటది" అని మా ఆయనతో చెప్పి నవ్వించేది. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే ఆమె అలా వీధిలో గట్టిగా మాట్లాడుతుంటే కిటికీ రెక్క వేసేదాన్ని.

ఆ మధ్య యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చారు. పాత తారల మీద ఏదో చేస్తున్నారట. ఇప్పుడు మన యాస గొప్పదైపోయింది కదా. నాయకులు మన యాసలోనే మాట్లాడుతున్నారు, బొంబాయి నుంచి తెచ్చిన నాయికలకు మన యాస వచ్చినవాళ్లతో డబ్బింగ్ చెప్పిస్తున్నారు. అత్త చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని వచ్చి కూర్చుంది. వాళ్లు మొట్టమొదట అడిగింది ఆ పనిమనిషి డైలాగు. "అమ్మా, ఒక్కసారి ఆ చీపురు డైలాగ్ కొట్టండి" అన్నారు. అత్త లేచి నిలబడి "నాకు బాగలేదు, పోయిరాండ్రి" అని లోపలికి వెళ్లిపోయింది. వాళ్లు తెచ్చిన శాలువా మా సోఫా మీద వదిలేసి వెళ్లారు.

ఇది జరిగిన ఏడాదికి ఆమె గొంతు బొంగురు పోవడం మొదలైంది. దుమ్మనుకున్నాం, చలి అనుకున్నాం. భద్రాచలంలో చూపించాం, అక్కడి డాక్టరు ఖమ్మం వెళ్లమన్నాడు. ఖమ్మం దవాఖానాలో అన్ని పరీక్షలూ చేసి, గొంతులో గడ్డ ఉందనీ, అది మంచిది కాదనీ, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలనీ చెప్పారు. తీస్తే మనిషి బతుకుతుంది, మాట ఉండదు. పదకొండు రోజుల తర్వాత ఆపరేషను పెట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో కారు పాల్వంచ దాటేదాకా అత్త కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పుడు నా వైపు తిరిగి అంది. "కోడలా, నా గొంతు ఏడన్న దాచిపెట్టు. ఫోన్ల పట్టియ్యి. పాప పెద్దగైనంక ఇనాలె."

పాప అంటే నా మనవరాలు, ఖమ్మంలో ఉండే మా అమ్మాయి కూతురు. అప్పటికి మూడేళ్లు. అత్త అంటే దానికి ప్రాణం.

"తప్పకుండా అత్తా, చక్కగా రికార్డు చేద్దాం" అన్నాను.

చక్కగా అన్నాను చూశారా. అక్కడే అంతా చెడింది.

ఆమె అడిగింది ఫోను ముందు పెట్టి మాట్లాడించమని. నేను ఏం చేశానంటే, రెండు రోజులు కూర్చుని ఆమె జీవిత చరిత్ర నాలుగు పేజీలు రాశాను. ఆమె చెబితే ముందుది వెనక, వెనకది ముందు చెబుతుందని, మధ్యలో నవ్వుతుందని, తిట్లు వస్తాయని. రేపు నలుగురూ వింటారు, పద్ధతిగా ఉండాలని. "ప్రకృతి ఒడిలో ఒదిగిన ఒక చిన్న గ్రామంలో నేను జన్మించాను" అని మొదలుపెట్టాను. "కళామతల్లి సేవలో నా జీవితం ధన్యమైంది" అని ముగించాను. నాలుగో పేజీ రాసేటప్పుడు నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నా వాక్యాలకే నాకు ఏడుపొచ్చింది, ఇంకేం చెప్పను.

మర్నాడు పొద్దున పది గంటలకు డైనింగ్ టేబుల్ మీద స్టీలు చెంబుకు ఫోను ఆనించి పెట్టి, అత్తను ఎదురుగా కూర్చోబెట్టాను. రికార్డు నొక్కాను. నొక్కాక చూస్తే ఆమె కళ్లద్దాలు లేవు. పొయ్యి మీద కుక్కరు ఉంది. "ఆగత్తా, ఇంకా మొదలుపెట్టకు, అద్దాలు తెస్తాను" అని లోపలికి వెళ్లాను. అద్దాలు ఎక్కడా దొరకలేదు. ఆమె మంచం కింద, దేవుడి గూట్లో, ఫ్రిజ్ మీద వెతికాను. ఈలోగా కుక్కరు విజిళ్లు వేసింది.

ఆ విజిళ్ల మధ్య అవతల అత్త మాట్లాడుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. డిపో గురించి ఏదో చెప్పింది. సాయంత్రం పూట నాన్నమ్మ గేటు దగ్గర నిలబడి ఆమెను ఎలా కేకేసి పిలిచేదో ఆ కేక వేసి చూపించింది. బొంగురు గొంతుతోనే, కానీ గట్టిగా. కోయ మాటలు కొన్ని అంది. తర్వాత "పాపా, గిది నేను రాజకుమారి ఏసిన సిన్మల మాట. గప్పుడు వేరేటామె చెప్పింది. నేను చెప్తే గిట్లుంటది" అంది. రాజకుమారి నదీతీరాన రాజకుమారుణ్ని సాగనంపే మాటలవి. "మల్ల వస్తనంటివి. వచ్చేదాక నేను ఎవలతోని మాట్లాడాలె? గీ నీళ్లతోనా?" అంది. ఇంకా చాలా అంది. నాకు విజిలు చప్పుడులో సగమే చెవిన పడింది. రిహార్సల్ చేసుకుంటోందనుకున్నాను. అద్దాలు బీరువా మీద దొరికాయి.

నేను వచ్చి కాగితాలు ముందు పెడితే అత్త వాటిని చూసి, నన్ను చూసింది. "గిదేంది?"

"నువ్వు చెప్పినవే అత్తా, వరసగా రాశాను. ఇది చదివితే చాలు. గొంతు అలిసిపోకుండా ఉంటుంది."

అత్త అద్దాలు పెట్టుకుంది. పేజీలు ఒకసారి తిప్పి చూసింది. నడుం నిటారుగా చేసి కూర్చుని, చదవడం మొదలుపెట్టింది. నటి కదా. ఒత్తులు, దీర్ఘాలు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడాలు, ఒక్కటి తప్పితే ఒట్టు. నాలుగు పేజీలూ ఏకబిగిన చదివింది. అయ్యాక కాగితాలు సర్ది టేబుల్ మీద పెట్టి "ఓకేనా?" అని అడిగింది.

నేను చప్పట్లు కొట్టాను. "ఎంత బాగా చదివావత్తా! ఒక్క తప్పు దొర్లలేదు."

"అవ్" అంది అత్త. "మాస్టరు మంచిగ నేర్పిండ్రు."

మద్రాసు మాస్టారు గురించి అంటోందనుకున్నాను.

ఆ మధ్యాహ్నం రికార్డు విని చూసుకున్నాను. మొదట తొమ్మిది నిమిషాలు కుక్కరు విజిళ్లు, నేను అలమరాలు తెరిచి మూసిన చప్పుళ్లు, దూరంగా అత్త మాటలు. విన్నానని కూడా అనను, వేలితో జరుపుకుంటూ పోయాను. మా అమ్మాయికి ఫోన్ చేసి అనవసరమైనది ఎలా కత్తిరించాలో అడిగి తెలుసుకున్నాను. అనవసరమైనది అనే అన్నాను. ఆ తొమ్మిది నిమిషాలు కత్తిరించాను. భద్రపరచమంటారా అని ఫోను అడిగితే అవునని నొక్కాను. పాతది పోయి దాని మీదే కొత్తది కూర్చుంది. తప్పు మాట మీద ఎర్ర గీత కొట్టినట్టు, ఎంత అలవాటైన పనో.

బంధువుల గ్రూపులో పెట్టాను. నమస్కారం పెట్టే చేతుల బొమ్మలు వరదలా వచ్చాయి. "రేడియోల వార్తలు ఇన్నట్టే ఉన్నది" అని ఒకరు మెచ్చుకున్నారు. తాత ఇంట్లో నీళ్లు ముట్టని అన్నదమ్ముల మనవలు కూడా మెచ్చుకున్నారు.

ఆపరేషనుకు ఇంకా వారం ఉంది. ఆ వారమంతా అత్త దగ్గర గొంతు ఉంది. ఆమె వీధిలోకి వెళ్లి పలకరించబోతే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. నాతో ఏదో చెప్పబోతే "మాట్లాడకత్తా, గొంతుకు విశ్రాంతి కావాలి" అన్నాను. డాక్టరు అలాంటిదేమీ చెప్పలేదు. నాకు తోచి చెప్పాను. ముప్పై ఏళ్లు పిల్లల్ని నోరు మూసుకోమన్నదాన్ని, ఆ వారం రోజులు ఆమె నోరు కూడా మూయించాను. దవాఖానాకు బయలుదేరే ముందు గుమ్మంలో ఎదురింటామెతో "పోయొస్త బిడ్డా" అంది. అదే నేను ఆమె నోట విన్న చివరి మాట, అది కూడా నాతో అన్నది కాదు.

ఆపరేషను బాగానే జరిగింది. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు, దానికి తెల్లటి గుడ్డ అడ్డం. ఇంటికి వచ్చాక ఒక నోటుబుక్కు, పెన్ను ఇచ్చాం. అత్త అందులో మాట్లాడినట్టే రాసేది. "చాయ్‌ల చక్కెర ఎయ్యి", "వాన పడేటట్టున్నది, బట్టలు తీ." ఒక్క అక్షరం దిద్దలేదు నేను. అప్పటికి బుద్ధి వచ్చిందని కాదు, జాలి.

రెండు నెలలకు మా అమ్మాయి పాపను తీసుకుని వచ్చింది. పాప అత్త ఒడిలో కూర్చుని మెడ మీది గుడ్డను వేలితో ముట్టుకుని చూసింది. నేను ఫోను తెచ్చి రికార్డు పెట్టాను. ప్రకృతి ఒడిలో ఒదిగిన చిన్న గ్రామం మొదలైంది. పాప కాసేపు విని "ఎవరు మాట్లాడుతున్నరు అమ్మమ్మా?" అని అడిగింది.

"తాతమ్మే కదమ్మా" అన్నాను.

పాప ఫోనును చూసింది, అత్తను చూసింది. "కాదు" అంది. ఒడిలోంచి దిగి వాకిట్లోకి ఆడుకోవడానికి పోయింది.

అత్త భుజాలు కదిలేలా నవ్వింది. నోటుబుక్కు అందుకుని రాసింది. "మొదలు మాట్లాడింది పెట్టు. గది గుర్తు పడ్తది."

నాకు ముందు అర్థం కాలేదు. "మొదలంటే ఏదత్తా?"

"నువ్వు అద్దాల కోసం పోయినప్పుడు. ఫోన్ నడుస్తాంది, ఎర్ర చుక్క చూసిన." తిప్పి చూపించి, మళ్లీ తన వైపు తిప్పుకుని కింద ఇంకో వాక్యం రాసింది. "గది పాప కోసం చెప్పిన. కాయితం నీ కోసం సదివిన."

నేను ఏ ధైర్యంతో ఆ మాట అన్నానో ఇప్పటికీ తెలియదు. "ఉందత్తా. కంప్యూటర్లో వేరేగా దాచాను. అది పెద్దది, ఫోన్లో పట్టలేదు" అన్నాను. అబద్ధం కూడా తప్పుల్లేకుండా చెప్పాను.

మర్నాడే ఫోను పట్టుకుని భద్రాచలంలో బాగుచేసే షాపులన్నీ తిరిగాను. ఖమ్మం పంపించాను. పోయింది పోయినట్టే అన్నారు. అత్త మాత్రం అడుగుతూనే ఉంది. నోటుబుక్కు చివరి పేజీల్లో నాలుగైదు చోట్ల ఉంది, "కంప్యూటర్‌ది దొరికిందా?" అని. కరెంటు లేదన్నాను, రిపేరుకిచ్చామన్నాను, అల్లుడు వచ్చినప్పుడు తీయిస్తానన్నాను. ఆమె ప్రతిసారీ సరేనని తలూపేది. ఎవరు ఎప్పుడు మోసం చేస్తున్నారో మద్రాసులో అన్నేళ్లు చూసిన మనిషి, నన్ను అనుమానించలేదు. లేక అనుమానించి ఊరుకుందేమో, అది తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది.

అత్త పోయి ఏడాది దాటింది. ఆ గడ్డ మళ్లీ వచ్చి, ఈసారి ఊపిరితిత్తుల్లోకి దిగింది. పోవడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, నా చేత దిండు ఎత్తు పెట్టించుకుని కూర్చుంది. నోటుబుక్కు తీసుకుని చాలాసేపు పట్టి రాసింది. అక్షరాలు గీత మీద నిలవలేదు. "ఇప్పుడు దొరకకపోతె మానె. నేను పోయినంకనైన పాపకు ఇనిపియ్యి. రాజకుమారి మాట మంచిగ వచ్చింది."

చదివి, సరేనని తలూపాను. అత్త నా చెయ్యి పట్టుకుని నొక్కింది. తొమ్మిది నిమిషాలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయనే నమ్మకంతో కళ్లు మూసుకుంది.